గిటారుకి బిగించిన కడ్డీ

మా ఆర్కెస్ట్రాలోకి కొత్త కీబోర్డు వచ్చిన రోజునే నా ఖర్మ మొదలయింది. అంతకుముందూ మాకో కీబోర్డు ఉండేది. హార్మోనియానికి కరెంటు పెడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది, దాంతో నాకే గొడవా లేదు. ఈ కొత్తది వేరు. ఒక మీట నొక్కితే వీణ, ఇంకో మీట నొక్కితే షెహనాయి, మూడో మీట నొక్కితే గిటారు. అదీ మామూలు గిటారు కాదు. ఎడమచేతి పక్కన ఒక చిన్న చక్రం ఉంది, దాన్ని తిప్పితే స్వరం కిందికి జారి, ఊగి, మళ్ళీ పైకి లేస్తుంది. ప్రాక్టీసులో కీబోర్డాయన ఆ చక్రాన్ని ఒక్కసారి తిప్పాడు, మా ఓనరు కళ్ళు మూసుకుని తల ఊపాడు. ఆరేళ్ళుగా ఆయన పక్కన గిటారు వాయిస్తున్నా. నా వాయింపుకి ఒక్కనాడన్నా కళ్ళు మూసిన పాపాన పోలేదు.

ఓనరంటే ఆర్కెస్ట్రా ఓనరు. మెయిన్ సింగరు కూడా ఆయనే. చిలకలూరిపేటలో ఒక పాత పొగాకు గోడౌను మేడమీద మా ప్రాక్టీసు గది. రెండువేల రెండో మూడో, ఆ ప్రాంతం. మిరపకి మంచి రేటు పలికిన ఏడాదైతే మాకు చేతినిండా ప్రోగ్రాములే. మావైపు ఆడపిల్లకి ఓణీల ఫంక్షను, మగపిల్లాడికి పంచెల ఫంక్షను పెళ్ళికి ఏమాత్రం తీసిపోకుండా చేస్తారు. పన్నెండేళ్ళ వాడికి పట్టుపంచె కట్టి, సింహాసనం మీద కూర్చోబెట్టి, ఊరంతటికీ భోజనాలు పెట్టి, పక్కన స్టేజీ కట్టి మమ్మల్ని పాడిస్తారు.

"ఏరా, ఇందులోనే గిటారుంది గదా. ఇంక నువ్వెందుకురా?" అన్నాడు ఓనరు, అందరి ముందూ. నవ్వుతూనే అన్నాడు.

ఆ నవ్వు సంగతి నాకు తెలుసు. రిథమ్ ప్యాడ్ కొన్న రోజున డోలక్ ఆయన్ని కూడా అట్లాగే నవ్వుతూ అడిగాడు. రెండు నెలలు తిరక్కుండా డోలక్ ఆయన గుంటూరు మార్కెట్ యార్డులో మిరపకాయల బస్తాలు, అవే టిక్కీలు, తూకం వేయించే పనిలో చేరాడు. చేతిలో అంత విద్య ఉన్న మనిషి, రోజంతా తుమ్ముతూ నిలబడతాడు. నాకూ అదే గతి పట్టబోతోందని ఆ క్షణమే అర్థమయింది. పైగా నాకు గిటారు తప్ప ఇంకో పని చేతకాదు. డిగ్రీ మధ్యలో వదిలేశా, పొలం పని రాదు, బేరమాడటం అసలే రాదు.

"నా గిటారు కూడా ఊగుతుంది. కాస్త టైమివ్వండి" అన్నాను. నోరు జారిందంతే.

"ఊగించు, చూద్దాం. పొన్నూరు పంచెల ఫంక్షన్లో చూద్దాం" అన్నాడాయన. దానికి రెండు నెలల టైముంది.

అనడమైతే అన్నాగానీ ఎట్లా ఊగించాలి? అంతకుముందు ఏడాది చీరాలలో ఒక ప్రోగ్రాముకి మద్రాసు నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన గిటారుకి తీగల మొదట్లో ఒక ఇనుప పలక, దాని మీద ఒక రోలరు, రోలరుకి ఒక కడ్డీ. తీగల కొసలన్నీ రోలరుకి తగిలించి ఉంటాయి. కడ్డీ నొక్కితే రోలరు కాస్త తిరుగుతుంది, తీగలు వదులై స్వరం కిందికి జారుతుంది. వదిలేస్తే కడ్డీ కిందున్న స్ప్రింగు దాన్ని మళ్ళీ చోటుకి నెడుతుంది. అంతే యంత్రం. ఆ రోజు ఆయన కడ్డీ మీద చెయ్యివేసి ఒక్క స్వరాన్ని అట్లా అట్లా ఊపుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. అది నాక్కావాలి, నా కలకత్తా గిటారుకి అది ఉండాలి. మద్రాసుకి మిరపకాయల లోడు తోలే డ్రైవరు ఒకడు నాకు తెలుసు. వాడికి బొమ్మ గీసిచ్చి, బతిమాలి, నాలుగు ట్రిప్పులు తిప్పించి ఎట్లాగో ఒకటి తెప్పించా. పాతది, ఎవరి గిటారు నుంచో ఊడదీసింది. వాడు దాన్ని సీటు కింద పడేసి తెచ్చాడు. పొట్లం విప్పగానే కారం ఘాటుకి పావుగంట తుమ్ములు.

ఇక బిగించేదెవరు? చిలకలూరిపేటలో గిటార్లు బాగుచేసేవాళ్ళు ఎవరుంటారు, నా మొహం! వడ్రంగి దగ్గరికి వెళ్తే ఇనుము నా పని కాదన్నాడు. వెల్డింగాయన చెక్క కాలిపోద్దన్నాడు. చివరికి అందరూ చెప్పిన పేరు ఒకటే, నరసరావుపేట రోడ్డులో లేతు షెడ్డు మేస్త్రీ. పత్తి జిన్నింగ్ మిల్లుల రోలర్లు, షాఫ్టులు, కారం మిల్లుల పుల్లీలు, ఏది పాడైనా ఆయన దగ్గరికే వచ్చేవి. సన్నగా, తెల్లగడ్డంతో ఉండేవాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి తప్ప షెడ్డు మూసేవాడు కాదు. పనిలో ఆయనకి వంక పెట్టినవాణ్ణి ఆ చుట్టుపక్కల నేను చూడలేదు.

ఆయన గిటారుని ఒళ్ళో పడుకోబెట్టుకుని, పసిపిల్లకి జ్వరం చూసినట్టు నాలుగుచోట్ల చెయ్యి ఆనించి చూశాడు. "ఏం తమ్ముడూ, ఇది ఇక్కడ పెట్టాలా? స్క్రూలు ఆగవు. లోపల్నుంచి పట్టీ వేస్తా" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. విషయం తెలిసిన మనిషి దొరికాడనుకున్నా. అప్పుడన్నా నోరు మూసుకుని రావాలా? రాలేదు. "అన్నా, ఒక్కటే మాట. శృతి చెడకూడదు. తీగ బిగువు వెంట్రుకంత కూడా మారకూడదు. అది మారిందంటే నా ఉద్యోగం పోద్ది" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పొచ్చా. కడ్డీ ఎందుకో మాత్రం చెప్పలేదు. చూస్తే తెలుస్తుంది గదా అనుకున్నా. కడ్డీ ఉంది, స్ప్రింగు ఉంది, రోలరు ఉంది, ఊగడానికి గాక ఇంకెందుకుంటాయి!

ఐదు రోజుల తర్వాత వెళ్ళా. గిటారు మీద శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచాడు. తీస్తే కళ్ళు చెదిరిపోయాయి. పలకకి పాలిష్ పెట్టాడు. స్క్రూల తలలన్నీ ఒకే వైపుకి తిరిగి ఉన్నాయి. చెక్కకీ ఇనుముకీ మధ్య గోరు కూడా దూరదు. తీగ మీటితే గంట కొట్టినట్టుంది. ఆనందంగా కడ్డీ పట్టుకుని నొక్కా.

కదల్లేదు.

గట్టిగా నొక్కా. రెండు చేతులతో నొక్కా. గిటారు మొత్తం కదిలిందిగానీ కడ్డీ కదల్లేదు.

"కదలదు తమ్ముడూ" అన్నాడు మేస్త్రీ, ముఖమంతా నవ్వుతో. "వచ్చినప్పుడు రోలరు తెగ ఊగుతా ఉంది. ఎవడు చేశాడో పనికిమాలినోడు. అది కదలకుండా రెండు పక్కలా గన్‌మెటల్ బుష్షులు బిగించా. ఆ స్ప్రింగు మెత్తగా ఉంటే తీసేసి, దాని చోట ఉక్కుముక్క బిగించా. నువ్వు చచ్చేదాకా శృతి చెడదు."

నా నోటి వెంట మంచి మాటలు రాలేదు. "అది ఊగాలన్నా! ఊగడానికేనన్నా అది! ఊగకపోతే నేనెందుకు తెప్పిస్తాను!" అని షెడ్డు ఎగిరిపోయేట్టు అరిచా. లేతు మీద పనిచేస్తున్నవాళ్ళు యంత్రం ఆపి చూశారు.

"ఊగాలా?" అన్నాడాయన. నిజంగానే అర్థం కాలేదాయనకి. "ఊగితే చెడిపోయినట్టు గదా తమ్ముడూ? మిల్లులో రోలరు ఊగిందంటే నిప్పు పుడద్ది, పత్తి అంటుకుద్ది. నలభై ఏళ్ళ నుంచి నేను చేసేది ఊగేవాటిని ఆపే పనే. మరి ఆ కడ్డీ చెయ్యి ఆనించుకోడానికి కాదూ?"

చెయ్యి ఆనించుకోడానికట! ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయన మీద కోపం ఉండాల్సినంత ఉందిగానీ, బిగువు మారకూడదని నాలుగుసార్లు చెప్పి వచ్చిన గాడిదని నేనే గదా. ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఆ పని ఇంకెవడూ అంత బాగా చెయ్యలేడు కూడా.

"స్ప్రింగు ఎక్కడుంది?" అన్నాను.

"దాన్ని ముక్కలు కోసి ఒకాయన మోపెడ్ స్టాండుకి వాడేశా" అన్నాడు, కాస్త చిన్నబోయి.

అప్పటికి పొన్నూరు ఇంకా పదిరోజులే. బుష్షులు తీసెయ్యడానికి ఆయనకే మూడు రోజులు పట్టింది, అంత గట్టిగా దిగ్గొట్టాడు. తీస్తూ ప్రతి దెబ్బకీ "అయ్యో, మంచి పని పాడుచేయిస్తన్నావు" అని గొణుగుడు. తర్వాత స్ప్రింగుల వేట. మోపెడ్ క్లచ్చి స్ప్రింగు పెడితే కడ్డీ నొక్కడానికి మోకాలు కావాల్సొచ్చింది. బాల్ పెన్ను స్ప్రింగు పెడితే తీగల బిగువుకి కాగితంలా నలిగిపోయింది. చివరికి పత్తికి పురుగుమందు కొట్టే స్ప్రేయర్లోంచి ఒక స్ప్రింగు తీసి పెట్టాడు. నొక్కా. కిందికి జారింది. వదిలా. పైకి లేచింది. ఊగింది! మేస్త్రీకి కూడా ముచ్చటేసింది. "ఏదీ, ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి నొక్కా. పైకి లేచిందిగానీ పూర్తిగా లేవలేదు. పావు స్వరం కిందే ఆగిపోయింది. ఎన్నిసార్లు నొక్కితే అన్ని మెట్లు దిగుతోంది.

"ఇదిగో, అందుకే నేను బిగించింది" అన్నాడాయన. ఆ మాటకి ఆయన పీక పిసకాలన్నంత కోపం వచ్చింది. తెల్లారితే పొన్నూరు. ఇంకేం చేసే టైము లేదు.

పొన్నూరులో ఫంక్షను పగటిపూట. కోసిన వరిచేలో షామియానా, వెయ్యి కుర్చీలు, పక్కనే వంటల గాడిపొయ్యిలు. స్టేజీ మీద నా చోటు ఎప్పుడూ కుడివైపు కొస. నా కాళ్ళ దగ్గర నా చిన్న స్పీకరు పెట్టె. దానిలోంచి ఒక వైరు కిందకి, మిక్సరు దగ్గర కూర్చునే సౌండాయన దగ్గరికి పోతుంది. జనానికి వినపడే పెద్ద పెట్టెలన్నీ మా ముందు, అవతలివైపుకి తిరిగి ఉంటాయి. వాటి వెనక నిలబడ్డవాడికి ప్యాడ్ మోతా తన పెట్టె మోతా తప్ప ఇంకేం తెలియదు.

మూడో పాట మొదట్లో నాకు చోటుంది. దేవుడికి దణ్ణం పెట్టుకుని తీగ మీటి, కడ్డీ నొక్కా. అబ్బ! ఆ ఒక్క స్వరం నేననుకున్నట్టే జారింది, ఊగింది. నా వంటి మీద రోమాలు లేచాయి. పక్కకి చూస్తే ఓనరు తల ఊపుతున్నాడు. ఆ ఆనందం ఎంతసేపు? నాలుగు సెకన్లు. తర్వాతి స్వరం మీటితే పావు స్వరం కింద ఉంది. శృతి చేసుకుందామంటే పాట ఆగదు. అటు తిరిగి తీగ బిగించే మర ఒకటి తిప్పా, ఇంకో తీగ దిగింది. ఆ తర్వాత రెండు గంటలు నా గిటారు నుంచి వచ్చింది సంగీతం కాదు, తుప్పుపట్టిన గేటు మోత. ఇక అయిపోయింది, రేపట్నుంచి డోలక్ ఆయన పక్కన టిక్కీలు లెక్కపెట్టుకోవడమే అనుకుంటూ వాయించా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు స్ప్రింగు మీద నెపం పెట్టాలా, ఏం చెప్పాలి ఓనరుకి అని పాట పాటకీ మాటలు అల్లుకున్నా.

ప్రోగ్రామ్ అయిపోయాక మెట్లు దిగుతుంటే పంచె కట్టుకున్న పిల్లాడి పెదనాన్నట, పెద్దమనిషి, నా భుజం తట్టాడు. "గిటారు అదరగొట్టావబ్బాయ్! ఏం ఊపావయ్యా!" అన్నాడు. వెటకారమేమో అనుకున్నా. వీడియో ఆయన పరిగెత్తుకొచ్చి "అన్నా, ఆ కడ్డీ ఊపేది ఇంకోసారి కెమెరా వైపు తిరిగి ఊపండి, క్లోజప్ కావాలి" అన్నాడు. ఓనరైతే కౌగిలించుకున్నంత పని చేశాడు. "కడ్డీ భలే ఉందిరా! వచ్చే ప్రోగ్రాముకి తెల్లచొక్కా వేసుకురా, ఇంకా బాగా కనపడద్ది" అన్నాడు.

వీళ్ళందరికీ చెవులు పోయాయా? రెండు గంటలు నేను చేసిన ఘోరం ఒక్కడికీ వినపడలేదా? ఓనరు సింగరు గదా, ఆయనక్కూడానా?

భోజనాల దగ్గర సౌండాయన పక్కన ఆకు ముందు కూర్చున్నా. "అన్నా, నిజం చెప్పు. ఇవాళ నా గిటారు ఎట్లా ఉంది?" అన్నాను.

ఆయన పెరుగన్నం కలుపుతూ నా వైపు చూడలేదు. "నాకేం తెలుసు" అన్నాడు.

"మిక్సరు నీ చేతిలో ఉంటే నీకు తెలియకపోవడమేంది?"

చుట్టూ ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "నీ వైరు సంక్రాంతి నుంచి జీరోలో ఉంది. కీబోర్డు వచ్చిన కాడ్నుంచి. రెండు గిటార్లయితే కలగాపులగం అవుతుందని ఆయనే పెట్టమన్నాడు. జనం వినేది కీబోర్డులో గిటారే. నాకు చెప్పాలనే ఉంది. నేను చెప్పానని మాత్రం అనబాక."

సంక్రాంతి నుంచి! రథసప్తమి పోయింది, శివరాత్రి పోయింది. ఎన్ని ఊళ్ళు, ఎన్ని స్టేజీలు! ఒక్క స్వరం ఒక్క మనిషికి వినపడలేదు. ఇనుప పలక, లారీ, లేతు షెడ్డు, స్ప్రింగులు, ఆ అరుపులు, ఆ నిద్రలేని రాత్రులు, అంతా జీరో మీద. ఆకులో అన్నం అట్లాగే వదిలేసి లేచా. కోపం కన్నా ముందు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ స్టేజీ మీద కళ్ళు మూసుకుని, తల ఊపుకుంటూ, నేనేదో వాయిస్తున్నాననుకున్నా గదా. అది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఓనరుని వ్యాను దగ్గర పట్టుకున్నా. సౌండాయన పేరెత్తలేదు. వైరు పీకి చూశానని అబద్ధమాడా. ఆయన కాదనలేదు, కంగారు కూడా పడలేదు.

"మరి తీసేస్తే పోయేది గదా నన్ను? డోలక్ ఆయన్ని తీసేసినట్టు?" అన్నాను.

"డోలక్ కింద కూర్చుని వాయించేది, కనపడదు. గిటారు కనపడద్దిరా. స్టేజీ మీద గిటారు లేకపోతే అది ఆర్కెస్ట్రా అంటారా, భజన అంటారు. బుకింగులు రావు. నిన్ను తీసేస్తానని ఎవడన్నాడు? నీకేం తక్కువ చేశా?" అన్నాడు. నిజంగా బాధపడుతూ అన్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టుంది నా వ్యవహారం. ఏం తిట్టినా ఆయనకి తగలదు. "ఇంక రాను" అని చెప్పి, గిటారు భుజాన వేసుకుని, బస్సెక్కి వచ్చేశా.

రెండు వారాలు తిరిగేసరికి ఓనరు బావమరిది మా ఇంటికొచ్చాడు. పురుగుమందుల షాపులో పనిచేస్తాడు, సంగీతానికీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. బతిమాలడానికి పంపాడనుకుని మనసులో కాస్త పొంగాను, అబద్ధమెందుకు. ఎన్నిసార్లు కాదనాలో, ఎన్నోసారికి ఒప్పుకోవాలో కూడా లెక్కేసుకున్నా.

"వేటపాలెంలో ఓణీల ఫంక్షనుందన్నా. మీరు రాకపోయినా పర్లేదంట. ఆ కడ్డీ గిటారు పంపమన్నాడు మా బావ. నేను పట్టుకుని నిలబడతా. పొన్నూరు వీడియో చూసి బుక్ చేసుకున్నారు వాళ్ళు" అన్నాడు.

గుమ్మంలో నిలబడి ఆయన ముఖంలోకి చూశా. వెటకారం లేదు, పొగరు లేదు. అరువుకి బిందె అడగడానికొచ్చినట్టు నిలబడ్డాడు. "ఉండు, తెస్తా" అని లోపలికెళ్ళా. మంచం మీద కూర్చుని ఆరు తీగలూ ఒక్కొక్కటే విప్పా. తీసుకుపొమ్మను. స్టేజీ మీదకి ఎక్కాక సంచీ విప్పి చూసుకోనీ. వెయ్యి మంది ముందు పరువు పోయాక అప్పుడు పరిగెత్తుకొస్తాడు వాళ్ళ బావ. సంచీలో పెట్టి, జిప్పు లాగి ఆయన చేతికిచ్చా. ఫంక్షను రోజు మధ్యాహ్నమంతా ఫోను పక్కనే కూర్చున్నా, ఏం తిట్టాలో వరసగా పేర్చుకుని. ఫోను మోగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన గిటారు తిరిగి తెచ్చాడు. చక్కగా తుడిచి మరీ తెచ్చాడు.

"తీగలు లేవు గదా?" అన్నాను, ఇక ఉండబట్టలేక. "మీ బావ చూడలేదా?"

"చూశాడన్నా. దూరానికి కనపడవులే, కానీ అన్నాడు. కడ్డీ మాత్రం గట్టిగా ఊపమన్నాడు. జనం బాగా చప్పట్లు కొట్టారు." సిగ్గుపడుతూ అన్నాడు. "మొదట్లో భయపడ్డానుగానీ, మీరు తీగలు తీసివ్వడమే మంచిదయింది, వేళ్ళు అసలు నొప్పెట్టలేదు. వచ్చే ఆదివారం కూడా అట్లాగే తీసివ్వండన్నా."